పాత యోడలు - పేదల ప్రాణములు

గూడూరునకు ఆగ్నేయమున నున్న దుగరాజపట్నమున నౌకానిర్మాణ కేంద్రమును నెలకొల్పవలెనను సంకల్పము 2025లో వెలువడినది. 17వ శతాబ్దిలో ఆంగ్లవర్తకులు కోట కట్టుకొన్న రేవు మరల ఓడలకు పుట్టినిల్లు కాగలదన్న వార్త నెల్లూరుసీమ వారికెల్లరకును హర్షదాయకమే. మేమును హర్షించుచున్నాము. కాని పుట్టిన యోడ యెల్లకాలము సముద్రమున తిరుగదు. ఇరువదియైదు, ముప్పది యేండ్లకు ముదిసి తుక్కు కాక తప్పదు. కేంద్రప్రభుత్వము 2025 సెప్టెంబరులో అంగీకరించిన 69,725 కోట్ల రూపాయల నౌకాపరిశ్రమ ప్రణాళికలో, స్వదేశమున పాత యోడలను విరుచుటకును ప్రోత్సాహము కలదు. కావున ఈ ప్రశ్న నేడు కాకున్న రేపైనను మన తీరమునకు రాగలదు.

గుజరాతులోని అలంగు తీరమున 1983 మొదలు ఈ వ్యాపారము సాగుచున్నది. అచ్చట పోటునీరు పది మీటర్ల వరకు పొంగును. పోటువేళ ఓడను గట్టున కెక్కింతురు. నీరు తీసిన పిమ్మట కూలీలు గ్యాసుమంటతో దానిని కోయుదురు. ఒడిస్సా, బీహారు, ఉత్తరప్రదేశముల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారే వీరిలో పెక్కుమంది. పాత యోడల గోడలలో రాతినార, రంగులలో సీసము, తొట్లలో చమురుమడ్డి దాగియుండును. చమురావిరి మిగిలిన తొట్టికి మంట సోకెనా, క్షణములో ప్రేలుడు. రాతినార ధూళి పీల్చినవానికి ఇరువది, ముప్పది యేండ్లకు ఊపిరితిత్తుల కాన్సరు. అప్పటికి యజమాని యెచ్చటనో, ఓడ యే కడ్డీలుగా మారెనో! ఆ కూలివాడు పరిహారము నెవరి నడుగవలెను?

గూడూరు వారికి ఈ సంగతి క్రొత్త కాదు. అభ్రకపు గనులు ఈ సీమకు సిరి తెచ్చినవి. సిరి మేడలకెక్కినది, రాతిదుమ్ము కూలీల రొమ్ములలో నిలిచినది.

చట్టములు లేవా యందురు. కలవు. విషద్రవ్యములను తొలగింపని యోడలు మన దేశమునకు రారాదని 2003లో సుప్రీంకోర్టు ఆదేశించినది. 2006లో ఫ్రాన్సు తన క్లెమెన్సో యుద్ధనౌకను అలంగు దారి నుండి మరల్చుకొనవలసి వచ్చినది. తుదకది ఇంగ్లండున విరువబడినది. 2019లో మన పార్లమెంటు ఈ పనికై ప్రత్యేక చట్టము చేసినది. హాంకాంగు ఒడంబడిక 2025 జూను 26న అమలులోనికి వచ్చినది. వీనివలన అలంగున కొంత మేలు కలిగిన మాట సత్యమే. అయినను ఆ ఒడంబడిక సయితము ఓడలను ఇసుక తీరమున విరుచుటను నిషేధింపలేదు.

మన తీరమున పోటు సుమారొక్క మీటరు మాత్రమే. ఇచ్చట గట్టున కెక్కించిన యోడ అలలలోనే నానుచుండును. దాని మడ్డియు తుప్పును చేరునది మత్స్యకారుల వలలలోనికి, చెంతనున్న పులికాటు సరస్సులోనికి. ఆ సరస్సు చెడిన పిదప దానిని మరల కొని తేగల ధనము ఏ ఖజానాలోను లేదు.

తుక్కు ఇనుమును కరగించిన ఖనిజమును బొగ్గును మిగులునని మేమెరుగుదుము. ఆ వ్యాపారమునకు మేము విరోధులము కాము. మేము కోరునవి మూడే. ఓడను విరుచుట ఎండురేవులోనే జరుగవలెను. ప్రతి కూలి పేరును నమోదుచేసి, పని మానిన పిమ్మటను ముప్పది యేండ్లు వైద్యపరీక్ష జరిపింపవలెను. ఆ వ్యయము యజమానిదే కావలెను. తీరగ్రామముల సమ్మతి ముందుగా పొందవలెను.

భూములిచ్చువారు ఎకరమునకు వెల యెంతయని యడుగుట సహజము. ఒప్పందముపై చేవ్రాలు చేయుటకు ముందే ఈ మూడు మాటలును అడుగుడు. పిమ్మట అడిగిన ఆలకించువారుండరు.