నాన్న చెవికి తోడుగా ఓ ముల్లు

పాత మారుతి 800 డ్యాష్‌బోర్డు గుర్తుందా? స్పీడుకి ఓ ముల్లు, పెట్రోలుకి ఓ ముల్లు, ఇంజిన్ వేడికి ఓ ముల్లు. అంతే! ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే ఆర్‌పీఎం మీటర్, అదే టాకోమీటర్, మా ఇంట్లో ఉన్న 1997 మోడల్‌లో లేదు. ఆ కారు నడిపినవాళ్లంతా చెవితోనే గేర్లు మార్చారు. ఇంజిన్ గొంతు పెంచితే పై గేరు, ముక్కుతూ వణికితే కింది గేరు.

మా నాన్న కూడా అంతే. పాతికేళ్లు ఆయనకి చెవే మీటర్. ఇప్పుడు ఆ చెవి మందగించింది. హియరింగ్ ఎయిడ్ పెట్టించాం. హారన్ వినిపిస్తోంది, పక్కన కూర్చున్నవాళ్ల మాట వినిపిస్తోంది. కానీ ఆ మెషీన్‌ని ముఖ్యంగా మనుషుల మాటల కోసమే సర్దుతారు. అందులోంచి వచ్చే ఇంజిన్ శబ్దం నాన్నకి అలవాటైన శబ్దం కాదు. దాంతో సెకండ్ గేర్‌లోనే కారు అరుస్తూ వెళ్లిపోతోంది. "నాన్నా, గేర్ మార్చు" అంటే కోపం. "నువ్వు పుట్టకముందు నుంచీ నడుపుతున్నారా" అంటారు. అది నిజమే, కాబట్టి మనం ఇంకేం మాట్లాడలేం.

అందుకే బయట దొరికే టాకోమీటర్ ఒకటి కొన్నాను. ఓబీడీ పోర్టు ఉన్న కారైతే బ్లూటూత్ అడాప్టర్ గుచ్చి ఫోన్‌లోనే ఆర్‌పీఎం చూసుకోవచ్చు. కార్బ్యురేటర్ కారుకి ఆ సుఖం లేదు, వైర్లు లాగాల్సిందే.

వైర్లు నాలుగే. ఒకటి ఎర్త్‌కి. ఒకటి తాళం తిప్పితేనే కరెంటు వచ్చే 12 వోల్టుల లైనుకి. ఒకటి డ్యాష్‌బోర్డు లైటుకి, రాత్రి మీటరు వెలగడానికి. నాలుగోదే అసలుది: ఇగ్నిషన్ కాయిల్ మైనస్ టెర్మినల్‌కి. నా మీటర్‌లో ఇవి వరసగా నలుపు, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. అన్ని కంపెనీలూ ఇవే రంగులు వాడవు. డబ్బాలోని కాగితం చూసి కలపండి.

కాయిల్ మైనస్ దగ్గరే ఎందుకంటే, అక్కడ కరెంటు తెగిన ప్రతిసారీ ఒక స్పార్క్ పుడుతుంది. టాకోమీటర్ చేసే పనల్లా ఆ తెగడాన్ని లెక్కపెట్టడమే. ఇంజిన్ తిరగడాన్ని అది చూడదు. స్పార్కుల్ని లెక్కపెట్టి, మీ ఇంజిన్‌కి ఎన్ని సిలిండర్లని మీరు చెప్పారో దాన్నిబట్టి చుట్లు లెక్కగడుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. నా మీటర్ వెనక 4, 6, 8 సిలిండర్లకి స్విచ్ ఉంది. మారుతి 800కి ఉన్నవి మూడు! మూడు అన్న సెట్టింగే లేదు.

లెక్క చూడండి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కి రెండు చుట్లకోసారి స్పార్క్ పడుతుంది. అంటే నాలుగు సిలిండర్లకి చుట్టుకి రెండు స్పార్కులు, ఆరింటికి మూడు, మన మూడింటికి ఒకటిన్నర. కాబట్టి స్విచ్ 4 మీద పెడితే ముల్లు అసలులో ముప్పావు వంతే చూపిస్తుంది. ఇంజిన్ 4000 తిరుగుతుంటే మీటర్ 3000 అంటుంది. 6 మీద పెడితే సరిగ్గా సగం, 2000. అంకెలు చదివే అలవాటున్నవాళ్లకి 6 మీద పెట్టి రెట్టింపు చేసుకోవడం తేలిక. ఇదంతా అన్ని స్పార్కులకీ ఒకే కాయిల్, డిస్ట్రిబ్యూటర్ ఉన్న కార్ల లెక్క. సిలిండర్‌కో కాయిల్ ఉన్న కార్లకి లెక్క వేరు.

కాగితం మీద లెక్క కుదిరినంత మాత్రాన మీటర్‌ని నమ్మేయకూడదు. రెండో సాక్షి కావాలి. అది మీ జేబులోనే ఉంది. ఫోన్‌లో శబ్దాన్ని ఫ్రీక్వెన్సీల వారీగా చూపించే స్పెక్ట్రమ్ యాప్ వేసుకోండి. కారు నిలబెట్టి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ కాస్త తొక్కి ఒకేచోట పట్టండి. మూడు సిలిండర్ల ఇంజిన్ 3000 తిరుగుతుంటే నిమిషానికి 4500 పేలుళ్లు, అంటే సెకనుకి 75. యాప్‌లో 75 హెర్ట్జ్ దగ్గర గీత లేస్తుంది. దాన్ని 40తో గుణిస్తే 3000. దానికి రెట్టింపు 150 దగ్గర కూడా గీత కనిపించొచ్చు, కంగారు పడకండి. ఆ క్షణంలో 4 సెట్టింగ్ మీదున్న మీటర్ 2250 దగ్గర ఉండాలి. మాది అక్కడే ఉంది.

బిగించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. 12 వోల్టుల వైరుకి చిన్న ఫ్యూజు తప్పనిసరి. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకులోంచి వైరు లాగేటప్పుడు రబ్బరు గ్రోమెట్ లేకుండా లాగొద్దు. రేకు అంచు మెల్లగా వైరు తొడుగుని కోసేస్తుంది. ఆకుపచ్చ వైరు అలా బాడీకి తగిలిందనుకోండి, కాయిల్‌లో కరెంటు తెగదు, స్పార్క్ రాదు, నడుస్తున్న కారు రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. కాయిల్ కూడా వేడెక్కుతుంది. అదే వైరుని ప్లగ్ వైర్ల పక్కగా లాగితే ముల్లు పిచ్చెత్తినట్టు గెంతుతుంది. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ మైనస్‌ని ముట్టుకోవద్దు. 12 వోల్టులే కదా అనిపిస్తుంది గానీ, కరెంటు తెగిన క్షణంలో అక్కడ వందల వోల్టులు లేస్తాయి. వైరింగ్ చేతకాకపోతే ఆటో ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వండి. ఇది గంట, రెండు గంటల పని.

ఇక నాన్న సంగతి. రోడ్డు మీద చూపు పెట్టాల్సిన మనిషికి "కనిపించిన అంకెని రెట్టింపు చేసుకో" అని చెప్పడం న్యాయం కాదు. అందుకే స్విచ్ 4 మీదే ఉంచాను. అందులో ముల్లు ఎక్కువ దూరం కదులుతుంది, ఓరకంటికి కూడా తెలుస్తుంది. అద్దం మీద 1500 నుంచి 2250 దాకా ఆకుపచ్చ టేపు అంటించాను. అసలు లెక్కలో అది 2000 నుంచి 3000. అసలు 5000 పడే చోట, అంటే 3750 దగ్గర, ఓ ఎర్ర ముక్క. అంకెలతో పని లేదు. ముల్లు పచ్చ దాటితే గేర్ మార్చడమే.

మొదటి రోజు తెనాలి వీధుల్లో సెకండ్‌లో వెళ్తూ నాన్న ముల్లు వైపు చూశారు. "ఇంత తిరుగుతోందా?" అన్నారు. అడిగింది నన్ను కాదు, కారుని. థర్డ్ వేశారు. నెలరోజులుగా మేం చెబుతున్నదే అది. మేం చెబితే అందులో "నీకు వినపడట్లేదు" అన్న మాట కూడా కలిసి వినిపించేది. ముల్లుకి ఆ గొంతు లేదు. ఎంత తిరుగుతోందో చూపించి ఊరుకుంటుంది, మిగతాది ఆయనకే వదిలేస్తుంది.

అలాగని ముల్లు అన్నీ చూసుకోదు. వెనకొచ్చే లారీ హారన్ అది వినదు, చీకట్లో అడ్డొచ్చే గేదెని అది చూడదు. అందుకే మా ఇంట్లో మీటర్ రెండోది, హియరింగ్ ఎయిడ్ మొదటిది. రాత్రిపూట డ్రైవింగ్ నాన్నే మానేశారు, మేం అడక్కుండానే.

మీ ఇంట్లోనూ చెవితో కారు నడిపే పెద్ద డ్రైవర్ ఉంటే, మీటర్ ఆర్డర్ పెట్టే ముందు ఆయన్ని చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. తర్వాత బానెట్ ఎత్తి సిలిండర్లు లెక్కపెట్టండి.