పాత ప్రీ ఆంప్లిఫయర్: పేరును బట్టియా, పనిని బట్టియా?

పాత వస్తువుల మీద యువతకు మరల మోజు పుట్టడం సంతోషించదగిన విషయమే. తాతగారి నాటి గ్రామఫోను రికార్డులను అటక మీది నుండి దింపి, దుమ్ము దులిపి, వాటిని వినడానికి తగిన స్టీరియో సామగ్రి కోసం విజయవాడ, హైదరాబాదు వీధులలో వెతికే విద్యార్థులు మన తిరువూరులోనూ లేకపోలేదు. వారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: “పాత ప్రీ ఆంప్లిఫయర్లలో ఏది మంచిది?” దానికి దొరికే జవాబు సామాన్యంగా ఒక పేరు. అమెరికా వారి మరాంజ్ 7, మెకింటాష్ సి22. ఇంగ్లండు వారి క్వాడ్, లీక్. ఇవన్నీ గొప్ప పేర్లే, కాదనను. అయితే పేరుతో మొదలైన ఎంపిక చాలాసార్లు పశ్చాత్తాపంతో ముగుస్తుందని నా అభిప్రాయం. మన ఇంట ఉన్న రికార్డుతో మొదలుపెట్టి, ముల్లు మీదుగా నడిచి, చివరకు యంత్రం వద్దకు చేరడమే సరియైన మార్గం.

ప్రీ ఆంప్లిఫయర్ చేసే పని ఏమిటి? అయస్కాంతపు కార్ట్రిడ్జి గల ప్లేయరులో ముల్లు రికార్డు గాడిలో కదిలినప్పుడు పుట్టే విద్యుత్తు సుమారు 5 మిల్లీవోల్టులు మాత్రమే. అంత సన్నని సంకేతం స్పీకరును కదిలించే పెద్ద ఆంప్లిఫయరుకు చాలదు. దానిని ముందుగా పెంచి అందించేదే ప్రీ ఆంప్లిఫయర్. కాని పెంచడం దాని పనిలో సగమే. రికార్డు చెక్కేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను హెచ్చించి చెక్కుతారు. మంద్రాన్ని యథాతథంగా చెక్కితే గాడి ప్రక్క గాడిలోకి చొచ్చుకొని పోతుంది; తారాన్ని హెచ్చించకపోతే అది రికార్డు గరగరలో మునిగిపోతుంది. కనుక వినేటప్పుడు దీనికి విరుగుడు జరగాలి. 1954లో అమెరికా రికార్డు పరిశ్రమ నిర్ణయించిన ఆర్.ఐ.ఎ.ఎ. ప్రమాణం ప్రకారం, 1000 హెర్ట్జ్‌తో పోల్చి చూస్తే, 50 హెర్ట్జ్ వద్ద సంకేతాన్ని సుమారు ఏడు రెట్లు పెంచాలి; 10,000 హెర్ట్జ్ వద్ద దాదాపు ఐదవ వంతుకు తగ్గించాలి. ఈ విరుగుడు చేసేది ప్రీ ఆంప్లిఫయరులోని ఫోనో భాగమే.

ఈ లెక్క తప్పితే నష్టపోయేది గాయకుడు. ఘంటసాల గంభీర కంఠం పీలగా వినిపిస్తుంది. బేగం అఖ్తర్ గజల్ రేకు డబ్బాలో పాడినట్లు ఉంటుంది. వినిన కుర్రవాడు “పాతవారి పాట ఇంతేనా” అని పెదవి విరుస్తాడు. వారిద్దరూ 1974లోనే మనలను విడిచి వెళ్ళినవారు. తమ పక్షాన వాదించుకోలేరు. యంత్రం చేసిన తప్పును మనం కళాకారునికి అంటగట్టడం న్యాయమా? ప్రీ ఆంప్లిఫయర్ ఎంపిక కేవలం డబ్బున్నవారి సరదా కాదని నేను అనడానికి కారణం ఇదే.

కనుక మొదటి ప్రశ్న: మీ ప్లేయరులో ఉన్న కార్ట్రిడ్జి ఏ జాతిది? మన దేశపు మధ్యతరగతి ఇండ్లలో వాడిన చిన్న ప్లేయర్లలో చాలావాటికి సిరామిక్ కార్ట్రిడ్జి ఉండేది. అది అయస్కాంతపు దానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ విద్యుత్తును ఇస్తుంది. దానికి పైన చెప్పిన విరుగుడు కూడా అవసరం లేదు. దానిని అయస్కాంతపు ఫోనో మార్గానికి తగిలిస్తే ధ్వని చీలిపోతుంది. అయస్కాంతపు కార్ట్రిడ్జిని సిరామిక్ మార్గానికి తగిలిస్తే పాట వినీ వినబడకుండా ఉంటుంది. 1970, 1980 దశకాలలో సోనోడైన్, కాస్మిక్ వంటి స్వదేశీ సంస్థలు చేసిన స్టీరియో ఆంప్లిఫయర్లలో ప్రీ ఆంప్లిఫయర్ భాగం లోపలే ఉంటుంది. అట్టిది ఇంట ఉంటే, దాని వెనుక ఏ మార్గాలు ఉన్నవో చూడక వేరొకటి కొనడం వృథా వ్యయం.

రెండవ ప్రశ్న: మీ రికార్డుల వయస్సు ఎంత? స్టీరియో రికార్డులు 1958 ప్రాంతంలో విపణికి వచ్చినవి. అంతకు పూర్వపు ప్రీ ఆంప్లిఫయర్లకు ఒకే మార్గం ఉండేది. స్టీరియోకు అటువంటివి రెండు కావాలి. ఇక 78 వేగపు లక్క రికార్డులకు అందరూ పాటించిన ఏకైక ప్రమాణమంటూ లేదు. ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క పద్ధతి. వాటికి ముల్లు కూడా లావుపాటిది వేరే కావాలి. అటువంటి రికార్డులు గలవారు మోనో మీట, మంద్ర తార స్వరాలను సవరించే మీటలు ఉన్న యంత్రాన్నే కోరుకోవాలి. మోనో మీట నొక్కితే గాడిలో పైకి క్రిందికి కలిగే కదలికల రొద చాలావరకు అణగిపోతుంది. ఈ మీటలు లేని ఖరీదైన యంత్రం కంటె ఇవి ఉన్న సామాన్య యంత్రమే వారికి మేలు.

మూడవ ప్రశ్న: లోపల ఏమి మిగిలి ఉన్నది? ఒకసారి ముందు పలక తళతళ చూచి నేనొక విదేశీ యంత్రం కొన్నాను. ఇంటికి తెచ్చి చూస్తే ఎడమ ప్రక్క మూగ, కుడి ప్రక్క గుయ్యిమనే హమ్. కండెన్సర్లు ఎండిపోయినవి, వాల్యూము త్రిప్పితే గరగర. కొన్న ధరలో సగం బాగుచేతకే పోయింది. పైన పటారం లోన లొటారం అన్న సామెత ఆనాడు నాకు పూర్తిగా అర్థమైనది. మరొక సంగతి: అమెరికా యంత్రాలు 120 వోల్టులకు, జపాను యంత్రాలు 100 వోల్టులకు చేసినవి కావచ్చు. మన ఇండ్లకు వచ్చేది 230 వోల్టులు. వెనుక వోల్టేజి మార్చే ఏర్పాటు లేకపోతే తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు తప్పదు. వాల్వు యంత్రాలలో లోపల 250 వోల్టులకు మించిన విద్యుత్తు ఉంటుంది; తీగ పీకిన తరువాత కూడా కండెన్సర్లలో కొంతసేపు నిలిచి ఉండవచ్చును. విద్యార్థులు వాటి మూత తెరవరాదు. చేయి తిరిగిన మెకానిక్ అందుబాటులో ఉన్నాడా లేదా అన్నది యంత్రం పేరు కంటె ముఖ్యం.

చివరి పరీక్ష చెవిది. ఇందులో తెలుగు, ఉర్దూ రెండూ ఎరిగిన మన విద్యార్థులకు ఒక సౌకర్యం ఉన్నది. తెలుగులో శ, ష, స. ఉర్దూలో సీన్, షీన్, జే. ఈ ఊష్మాల స్పష్టత తార స్వరాల మీద ఆధారపడి ఉంటుంది. విరుగుడు సరిగా ఉన్న యంత్రంలో ఇవి వేటికవి విడిగా, కీచుమనకుండా వినిపిస్తాయి. మనోరమ (1959) చిత్రానికి తలత్ మహమూద్, భలే తమ్ముడు (1969) చిత్రానికి మహమ్మద్ రఫీ తెలుగులో పాడినారు. అదే గాయకుని ఉర్దూ పాటను, తెలుగు పాటను వెంటవెంటనే వినండి. రెండు భాషలలోను ఒకే మనిషి కనిపిస్తే ఆ యంత్రం నమ్మదగినది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా గారి నాదస్వరం వంటి గట్టి ధ్వని లభిస్తే మరీ మంచిది. పై స్థాయిలో నాదం చీలితే ఆ యంత్రాన్ని వదిలివేయండి.

జేబులోని ఫోనులో సమస్తం లభించగా ఇదంతా ఎందుకని కొందరు అడుగవచ్చును. రికార్డులు లేనివారికి ఇది నిజంగా అనవసరం. ఫోనుకు గాని సి.డి. ప్లేయరుకు గాని ఫోనో భాగంతో పని లేదు. అట్టివారు అప్పుచేసి పాత యంత్రం కొనవద్దనే నా సలహా. కాని పెద్దల ఇండ్లలో మిగిలిన హరికథలు, నాటక పద్యాలు, నాతులు, కవ్వాలీలు అన్నీ ఫోనులోకి ఎక్కినవని ఎవరు చెప్పగలరు? వాటిని వినిపించగల సాధనం ఊరికి ఒకటైనా ఉండాలి.

కావున కళాశాల కమిటీ వారికి నా విన్నపం ఒకటి. గ్రంథాలయంలో ఒక మూల ఒక ప్లేయరు, బాగుచేయించిన సాదా ప్రీ ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు ఉంచండి. గొప్ప పేరు అక్కరలేదు. నెలకు ఒక సాయంత్రం విద్యార్థులు తమ ఇంటి రికార్డులు తెచ్చి వినిపించి, వాటి వివరాలు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచవచ్చును. మనవడు చదివే కళాశాలలో తాతగారి రికార్డు సరియైన గొంతుతో పలికిననాడు ఆ ఖర్చు వృథా అని ఎవరూ అనరు.