ఒంటరి యాట నిలుచునా?

వీడియో ఆటలలో 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో' యను వరుస కలదు. అది పదునెనిమిదేండ్లు నిండినవారికే తగినది. మన విద్యార్థులను ఆడుమనుట నా యుద్దేశము కాదు. కాని దానిని వెలువరించు రాక్‌స్టార్ సంస్థకు మన బెంగుళూరున శాఖ యున్నది. 1997లో ఈ నగరమున వెలసిన ధ్రువ ఇంటరాక్టివ్‌ను 2019లో కొని అందు కలుపుకొన్నది. కావున ఈ చర్చ మనకు పరాయిది కాదు.

ఆ వరుస ప్రధానముగా ఒంటరిగా ఆడుకొను కథ. అయిదవ భాగము 2013 సెప్టెంబరులో వచ్చెను. రెండు వారములకే ఇంటర్నెట్టుపై పలువురు కూడి యాడు రూపము వెలువడి, ధనమును కురిపించెను. ఒంటరి కథకు చేర్తుమన్న కొత్త భాగములు మాత్రము రానేలేదు. పాత అభిమానులు నొచ్చుకొనిరి. వారిని చాదస్తులని పరిహసించువారును కలరు.

వారి బాధ న్యాయమైనదే యందును. 2021 డిసెంబరు 16న ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 యంత్రములపై ఆ గుంపుటాటను సంస్థ నిలిపివేసెను. అందు కూడబెట్టుకొన్న ఇండ్లు, బండ్లు అంతటితో సరి! అదే డిస్కులోని ఒంటరి కథను నేటికిని ఆడవచ్చును. ఆ సంస్థదే 'రెడ్ డెడ్ ఆన్‌లైన్' అను మరియొక గుంపుటాట. కొత్త చేర్పులు రాక విసిగిన ఆటగాండ్రు 2022 జూలైలో ఆటలోనే దానికి అంత్యక్రియలు జరిపిరి. గుంపును మెచ్చినవారికిని అదే గతి పట్టినది.

దూరదేశములందున్న అన్నదమ్ములు కలిసి యాడుకొనుట మంచిదే; కాదనను. కాని పిల్లలు ఆట కొనిపెట్టుమన్నపుడు తల్లిదండ్రులు అంగడివానిని ఒక్క మాట యడుగవలెను: ఇంటర్నెట్టు లేకున్నను ఇది ఆడునా?