పాస్‌బుక్కు అక్కడ మ్యూజియంలో ఉంది, మనది ఎక్కడుంది?



దక్షిణాఫ్రికా స్టడీ టూర్ నుంచి పలివెల వచ్చాక మా ఇద్దర్నీ అందరూ అడిగింది ఒకటే, సింహాన్ని చూశారా అని. చూశాం. దూరంగా పడుకుని ఉంది, తోక ఆడించింది, అంతే. రాయాల్సింది జోహన్నెస్‌బర్గ్‌లోని అపార్థైడ్ మ్యూజియం గురించి.

అక్కడ టికెట్ మీదే 'తెల్లవారు', 'తెల్లవారు కానివారు' అని ఉంటుంది. చేతికి ఏది వస్తే ఆ దారినే లోపలికి పోవాలి. మాతో వచ్చినవాళ్లు నవ్వుకుంటూ ఫొటోలు దిగారు. దారి పొడుగునా పాత గుర్తింపు కార్డులు వేలాడుతుంటాయి. పదహారేళ్లు దాటిన నల్లజాతివాళ్లు ఆ పాస్ జేబులో లేకుండా దొరికితే జైలే. ఎరుకల పిల్లలం కదా, మాకు నవ్వు రాలేదు. ఇంట్లో ముసలివాళ్లు గొంతు తగ్గించి చెప్పుకునే మాటలే అక్కడ గోడకెక్కి కనిపించాయి.

1911 నాటి నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. లిస్టులోకెక్కిన గుంపులో పుడితే చాలు, నేరస్థుడి కింద లెక్క. వేలిముద్రలు ఇవ్వాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి, రాత్రి లేచి వెళ్లి హాజరు వేయించుకోవాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా మనవాళ్లను తెచ్చిపెట్టిన సెటిల్‌మెంటే. అంతకు మూడేళ్ల ముందు, 1908 ఆగస్టు 16న, జోహన్నెస్‌బర్గ్‌లో గాంధీ వెంట భారతీయులు తమ రిజిస్ట్రేషన్ కాగితాలు తగలబెట్టారు. గాంధీ గారి పోరాటం మనకు పాఠంగా చెప్పారు. మన తాతల వేళ్లకు పూసిన సిరా సంగతి మేం చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంకో విచిత్రం వినండి. 1952 ఆగస్టు 31న ఇక్కడ మన మీది చట్టం రద్దయింది. అదే 1952లో అక్కడ 'పాసుల రద్దు' అని పేరు పెట్టి మరీ కొత్త పాస్‌బుక్కు తెచ్చారు! 1956 ఆగస్టు 9న ఇరవై వేలమంది ఆడవాళ్లు దాని మీద ప్రిటోరియాకు కదిలారు. మనం ఆదివాసీ దినోత్సవం చేసుకునే తేదీ కూడా అదే. 1960లో షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పులకు 69 మంది పోయారు. పాస్ చట్టాలు పోయేసరికి 1986 అయింది.

పక్కనున్న బోట్స్వానాలో కలహారి బుష్‌మెన్‌ది ఇంకో కథ. ఖాళీ చేయించిన సొంత నేలకు తిరిగి వెళ్లొచ్చని 2006లో హైకోర్టు చెప్పినా, కేసులో పేరు లేనివాళ్లను ప్రభుత్వం పర్మిట్ అడిగింది. పాస్ పోయిందంటే ఒక్కోసారి పేరు మార్చుకుందనే!

మా ఇళ్లల్లో పెద్దలు ఒప్పుకోవడం లేదు. "అవన్నీ ఇప్పుడు తవ్వడం దేనికిరా, రేపు ఉద్యోగాలకీ సంబంధాలకీ అడ్డం" అంటున్నారు. వాళ్ల భయం ఉత్తిది కాదు. కానీ దాచిపెట్టి మనం బాగుపడ్డది ఏముంది? ఎక్కడ దొంగతనం జరిగినా ఇప్పటికీ ముందు మన గుడిసెల్లోకే వస్తున్నారుగా. కులాన్ని బట్టి ఖైదీలకు పని పంచే జైలు నిబంధనలు చెల్లవనీ, పుట్టుకతో నేరస్థులనే ముద్ర ఎవరికీ వేయకూడదనీ సుప్రీంకోర్టు చెప్పింది ఎప్పుడో కాదు, 2024 అక్టోబర్ 3న. ఆ కార్డులు గోడకు వేలాడదీసినవాళ్లు సిగ్గుపడటం లేదు. సిగ్గుపడాల్సింది ఆ చట్టం రాసినవాళ్లు. మనం ఎందుకు గొంతు తగ్గించాలి?

అందుకే ఆగస్టు 9 ర్యాలీతో ఆగిపోకుండా, ఈసారి 31న పలివెలలో కూర్చుందామనుకుంటున్నాం. బుట్టలల్లే పెద్దమ్మలు, తాతలు ఎవరికి ఏం గుర్తుందో ఫోన్లో రికార్డు చేయండి చాలు. ట్రంకు పెట్టెల్లో పాత చీటీలు, కాగితాలుంటే చెదలు పట్టనివ్వకండి, ఫొటో తీసి పంపండి. ముసలివాళ్లు మన ఎరుకల భాషలో చెబితే అలాగే ఉంచండి, తెలుగులోకి మార్చొద్దు.