‘పని చేయుట లేదు’ అన్నంత మాత్రాన చాలునా?

షిఫ్టు మారు వేళ లాగ్‌బుక్కులో ‘పంపు సరిగా లేదు’ అని ఒక్క ముక్క వ్రాసి వెళ్ళిపోయిన సహోద్యోగిపై విసుగుకొనని వారు మనలో ఉండరు. ఏ పంపు? ఎన్ని గంటలకు? పీడనమెంత? వచ్చినది శబ్దమా, వేడిమియా? తరువాతి షిఫ్టువారు సమస్తమూ మొదటినుండి వెదకుకొనవలసినదే. వారికి జీతమైనా ఉన్నది. జీతము లేకుండా, తీరిక వేళల్లో సాఫ్ట్‌వేరు నిర్మించి లోకానికి ఉచితముగా ఇచ్చేవారికి ఇటువంటి ఫిర్యాదులే ప్రతిదినమూ వస్తే ఏమగును?

బిర్సానగర్‌లో మా పొరుగింటి కుర్రవాడు ఇంజనీరింగు విద్యార్థి. అటువంటి ఒక సాఫ్ట్‌వేరులో తెలుగు అక్షరాలు చెదరుచున్నవని వ్రాయగా, సమాచారము చాలదని బదులు వచ్చినది. “తప్పు చూపిస్తే ఎదురు ప్రశ్నలా, అంకుల్?” అని నొచ్చుకొన్నాడు. లాగ్‌బుక్కు పద్ధతిలో మరల వ్రాయుమన్నాను. ఏ వెర్షను, ఏ ఫాంటు, ఏ పదము. ఏమి చేయగా ఏమి జరిగినది, ఏమి జరుగవలసి ఉండెను. వారము తిరుగకుండానే లోపము తమకూ కనబడినదని జవాబు వచ్చినది.

సోర్స్ కోడ్‌ను అందరికీ తెరచి ఉంచునదే ఓపెన్ సోర్స్. 1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్ ఇందుకు చక్కని ఉదాహరణ. లోపాలను దాచబోమని డెబియన్ వారు 1997లోనే తమ సామాజిక ఒడంబడికలో ప్రకటించిరి. వచ్చిన ప్రతి నివేదికకూ ఒక సంఖ్య ఇత్తురు. అత్యంత ప్రమాదకరమైన లోపము మొదలు కేవలము కోరిక వరకు తీవ్రతను బట్టి తరగతులు కలవు. ఒకే లోపముపై వచ్చినవాటిని ఒకచోట చేర్చుట, చాలనివాటికి వివరములు అడుగుట, మిగిలినవాటిని బాధ్యులకు అప్పగించుట. ఈ వడపోతకే ఎంతో కాలము వ్యయమగును.

వివరము విలువ ఎట్టిదో మన భాషయే ఒకసారి లోకానికి చూపినది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను తెలుగు అక్షరము ఐఫోన్లలోని అప్లికేషన్లను కూల్చివేయుచున్నదని గగ్గోలు పుట్టినది. ఐఫోను సాఫ్ట్‌వేరు ఓపెన్ సోర్స్ కాదు గాని, పాఠము ఒక్కటే. మనము నిత్యము వ్రాసే ‘జ్ఞా’ నిర్దోషి. ‘జ్ఞ’కూ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని సంకేతమొకటి చేరినప్పుడే చిక్కు. ఆ వరుసను విడదీసి చూచినవారికి బెంగాలీ, దేవనాగరి లిపులలోనూ అదే లోపము దొరికినది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసినది.

ఇక స్వచ్ఛంద సేవకుని ఓపిక సంగతి. ఫైళ్ళను కుదించే ‘ఎక్స్‌జెడ్’ అను సాఫ్ట్‌వేరును ఏళ్ళ తరబడి దాదాపు ఒక్కరే నిర్వహించెడివారు. 2022లో ‘ఇంత ఆలస్యమేల’ అని కొందరు ఆయనను ఒత్తిడి చేసిరి. సాయముగా వచ్చి నమ్మకము సంపాదించిన మరొకరు, 2024లో అందులో దొంగదారి అమర్చిరి. దానిని పట్టినవారు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు. లాగిన్ అగుటకు సుమారు అరసెకను అధికముగా పట్టుచున్నదని గమనించి, కొలిచి, కారణము వెదకి, ఆ ఏడు మార్చి 29న వివరముగా లోకానికి తెలిపిరి.

ఒత్తిడి చేసినవారూ, అరసెకను కొలిచినవారూ వ్రాసినది ఒకే సాఫ్ట్‌వేరును గురించియే. మొదటివారి మాటలు నిర్వాహకుని అలసటను పెంచినవి. రెండవవారి నివేదిక ఎన్నో కంప్యూటర్లను కాపాడినది. మన పిల్లలు ఉచిత సాఫ్ట్‌వేరు వాడుచున్నారు. దోషము కనబడినప్పుడు ముందుగా అదే లోపము ఎవరైనా తెలిపిరేమో చూచి, లేనిచో నిదానముగా, మర్యాదగా, పూర్తి వివరములతో వ్రాయుట నేర్పుదము. రేపటి షిఫ్టు లాగ్‌బుక్కులో మనమూ అట్లే వ్రాయుదము.