గుఱి లేని పిస్తోలు

పలాస జీడిపప్పు వర్తకులలోను టెక్కలి యుద్యోగులలోను ఇటీవల ఒక ప్రశ్న వినబడుచున్నది: ఇల్లు కాచుకొనుటకు ఏ పిస్తోలు మంచిది, ఏది గుఱి తప్పదు? ప్రశ్న తప్పు గాదు. 1878లో లిట్టను ప్రభుత్వము ఆయుధశాసనముచే జాతిని నిరాయుధము గావించెను. నిబంధనలకు లోబడి ఆయుధధారణము పౌరుని హక్కని 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించెను. 1948లో కామత్ గారు దానినే రాజ్యాంగసభలో కోరగా సభ త్రోసిపుచ్చెను. ఇంత చరిత్రగల కోరిక నేడు వాచీగొలుసు వంటి అలంకారమగుచుండుట మాకు రోతగా నున్నది.

2014లో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారము స్త్రీల రక్షణకని 'నిర్భీక్' అను తేలిక రివాల్వరును నగలపెట్టెలో నమర్చి, 1,22,000 రూపాయలకు పైగా వెలకట్టి అమ్మకమునకు దించెను. ఆ పెట్టెను జూచిననే మన వ్యాధి తెలియును! ఆయుధము తేలికయైన కొలది ప్రేలుడుదెబ్బ చేతిపై హెచ్చును. గొట్టము పొట్టియైన కొలది ముందు వెనుక గుఱిముక్కల నడిమి దూరము తగ్గి, చేతి స్వల్పకంపమే పెద్ద దోషమగును. సుత్తిని ముందుగా ఎత్తక మీటను లాగినచో ఆ లాగుబరువునకే గొట్టము ప్రక్కకు జరుగును. కావున కొనువారు బరువును, గొట్టపు నిడివిని, అఱచేతికి పిడి కుదురుటను జూడవలెను, మెఱుగును గాదు. అయినను, ఏడాది కొకమాఱైన కాల్చనివాడు నడిరేయి నిదురకన్నులతో కాల్చిన గుండు దొంగను దాటి ప్రక్కగదిలోని బిడ్డను తాకదని యెవరు పూచీపడగలరు? ఏ పిస్తోలు మంచిదని మమ్మడుగువారిని, తుదిసారి యెప్పుడు కాల్చితిరని మేము మాఱడుగుచున్నాము. జవాబు రాదు.

ఉద్దానపు రైతు మాట వేఱు. 2022 జూన్‌లో కిడిసింగిలో ఎలుగుబంటి యొక రైతును చంపి, మఱికొందఱిని గాయపఱచెను. జీడితోటలో నట్టి మృగమున కెదురుగా .32 రివాల్వరు చాలునని నమ్మించుట వానిని చావునకు పంపుటయే. అచట కావలసినది అటవీశాఖ వారి కావలి, తోడుగా నడచు మనుష్యులు.

1959 నాటి శాసనము సహితము ఆత్మరక్షణకు ఇరువది అంగుళములకు తగ్గని గొట్టముగల నున్నని తుపాకిని, పంటకాపునకు మందుగూరెడి తుపాకిని సులభముగా నొసగుమనుచున్నది. పిస్తోలునకు మాత్రము తగిన కారణము చూపుమనుచున్నది. ఈ భేదము మన పెద్దమనుష్యుల కంటబడదు. పిడిని నడుమున దోపి పెండ్లికి పోవుటకు పొడుగు తుపాకి యక్కఱకు రాదు గదా!

లైసెన్సు నొసగు కలెక్టరుగారికి మా కోరిక యిది. అర్జీదారుని సిఫారసు చేసినదెవరని విచారించుట మానుడు. 2016 నాటి నియమావళి చెప్పిన శిక్షణను కాగితముపై నుంచక, వానిచే పదిగజముల దూరమున పండ్రెండు గుండ్లు కాల్పించి చూడుడు. తప్పినవానికి లైసెన్సు వలదు. పోలీసులు గుఱి నేర్చు చోటును నెలకొక దినము, రుసుము గైకొని, లైసెన్సుదారులకు తెఱచియుంచుడు.