చక్కెర తినకపోయినా షుగరెందుకు పెరుగుతుంది?

శుక్రవారం పిల్లలు లోపల గుణింతాలు వల్లె వేస్తుంటే, బయట కూర్చున్న తల్లిదండ్రుల కబుర్లు మా చెవిన పడుతూనే ఉంటాయి. ఒకప్పుడు బంగారం ధర, విమానం టిక్కెట్లు. ఇప్పుడు షుగరు.

"అన్నం మానేసి కుబ్బూసే తింటున్నా సార్. టీలో చక్కెర కూడా లేదు. మాత్ర వేసుకుంటున్నా. అయినా తగ్గడం లేదు" అన్నారు అమ్ఘరాలో గోదాములో పనిచేసే ఒక తండ్రి. "దొంగచాటుగా తింటున్నావులే" అని పక్కవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు.

కుబ్బూసు కూడా పిండిపదార్థమే, దానితోనూ షుగరు పెరుగుతుందని చెప్పాం. కానీ అసలు సంగతి తరువాత బయటపడింది. అకామా రెన్యూవల్ తేలలేదు. చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పుకు నెలనెలా వడ్డీ పంపాలి. రాత్రి నాలుగు గంటలు నిద్రపడితే గొప్ప. "ఇవి డాక్టరుకు చెప్పారా?" అంటే, "ఇవి డాక్టరుకెందుకు సార్?" అన్నారు.

ఇవి డాక్టరుకు చెప్పి తీరాలన్నదే మా అభిప్రాయం.

ఆపద ఎదురైనప్పుడు మన శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను విడుదల చేస్తుంది. పరుగెత్తడానికో, పోరాడడానికో శక్తి కావాలి కనుక కాలేయం తాను దాచుకున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. పాము కనిపించినప్పుడు ఇది మేలే. పరుగెత్తితే ఆ గ్లూకోజు ఖర్చవుతుంది. కానీ అప్పులవాడి ఫోను వచ్చినప్పుడు మనం ఎక్కడికి పరుగెడతాం? కూర్చున్నచోటే కూర్చుంటాం. గ్లూకోజు రక్తంలోనే నిలుస్తుంది. ఈ ఒత్తిడి నెలల తరబడి సాగితే కార్టిసాల్ ఇన్సులిన్ పనిని మందగింపజేస్తుంది, పొట్ట చుట్టూ కొవ్వు చేరుస్తుంది. నిద్ర చాలకపోతే ఆకలీ పెరుగుతుంది, ఇన్సులిన్ పని ఇంకా మందగిస్తుంది. ఆయాసానికో, కీళ్ళవాతానికో స్టెరాయిడ్ మాత్రలు వాడినవారికి షుగరు పెరగడం మనలో చాలామందికి తెలుసు. ఆ మందులు కార్టిసాల్‌కు దగ్గరి చుట్టాలే.

అలాగని తప్పంతా చింతదే అనడం లేదు. వంశపారంపర్యం, తిండి, బరువు, వ్యాయామం లేకపోవడం పెద్ద కారణాలు. దిగులు తగ్గిందని మందు మానేయడం ప్రమాదం. మందు మందే, మనశ్శాంతి మనశ్శాంతే. రెండూ కావాలి.

మనం ఉన్నచోటు కూడా గుర్తుంచుకోవాలి. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 అంచనా ప్రకారం కువైట్ పెద్దవారిలో సుమారు 25 శాతం మందికి మధుమేహం ఉంది. ఇక ఎండ సంగతి సరేసరి. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయింది. ఒంట్లో నీరు తగ్గితే షుగరు ఇంకా పెరుగుతుంది. ఇన్సులిన్‌ను వేడెక్కిన కారులోనో, రేకుల షెడ్డులోనో పెడితే దాని శక్తి తగ్గిపోతుంది.

మరి ఏం చేయాలి? డాక్టరు దగ్గర నిద్ర గంటలు, డ్యూటీ వేళలు, మనసులోని దిగులు దాచవద్దు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించుకోండి. భోజనమయ్యాక పది నిమిషాలు నడవండి. ఊళ్ళో ఉన్న ఇంటివారికి ఒక మనవి: ఫోను ఎత్తగానే డబ్బు సంగతి కాకుండా, ముందు "తిన్నావా, నిద్రపోయావా" అని అడగండి. ఇక్కడివారికీ ఒక మనవి: అవతలివాడి షుగరు చూసి తిండిపోతని ఎగతాళి చేయకండి. అలా నవ్వితే మనిషి జబ్బునూ దాస్తాడు, బాధనూ దాస్తాడు.

మా వంతుగా వచ్చే విద్యా సంవత్సరం నుండి నెలకొక శుక్రవారం బడిలో గ్లూకోమీటరు, రెండు కుర్చీలు వేద్దామనుకుంటున్నాం. ఒక కుర్చీ పరీక్షకు, ఇంకొకటి మాట వినడానికి. పెద్దలు చింతను చితితో పోల్చింది ఊరికే కాదు. పిల్లలకు అక్షరాలు నేర్పుతున్న మనం, వాళ్ళ నాన్నలను ఆ మంటకు వదిలేయలేం కదా!